కోటు వేసిన సీటు

బెర్న్ హాస్టల్లో వాష్‌బేసిన్‌కి బిరడా ఉంది. పొద్దున్నే అది చూసి ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఒక్క రోజులుగా నేను చూసిన యూరప్‌లో సగం వాష్‌బేసిన్లే. ల్యుబ్లియానాలో బిరడా లేకపోతే ఒక సాక్సును ఉండచుట్టి కన్నంలో కుక్కి, నిలిచిన నీళ్లలో రెండోదాన్ని ఉతికాను. ఇన్స్‌బ్రుక్‌లో కొళాయి నొక్కిపట్టినంతసేపే నీళ్లు వచ్చేవి, ఒక చెయ్యి కొళాయికి, ఒక చెయ్యి బనీనుకి. ఆనెసీలో పళ్లు తోముకోవడానికి నా వెనక వరసలో నిలబడ్డ ఇరవయ్యేళ్ల పిల్లలు నన్ను చూసి మొదట నవ్వుకున్నారు. కాసేపటికి పాపం అనిపించినట్టుంది, చప్పుడు చేయకుండా పై అంతస్తుకు వెళ్లి తోముకున్నారు. నవ్వడమే నయం.

"తలా మూడు జతల సాక్సులు చాలు. రోజూ ఒక జత ఉతికేసుకుంటే సరిపోతుంది" అని బయలుదేరేముందు మా ఆయన డీట్మార్ తేల్చాడు. ఎవరు ఉతకాలో అనలేదు. నలభై మూడేళ్లుగా మా ఇంట్లో పనులన్నీ అలాగే జరుగుతాయి, చేసేవాళ్ల పేరు ఎవరూ ఎత్తరు. మా వీపు సంచులు రెంటినీ స్నానాలగదిలో తూకం మీద పెట్టి చూశాడు. తనది తొమ్మిది కిలోలు, నాది తొమ్మిది కిలోలు. చూశావా, సమానంగా పంచాను అన్నాడు. తిండి సంచి ఆ లెక్కలోకి రాలేదు. తింటూ ఉంటే తగ్గిపోయేది బరువు కిందకి రాదట. రొట్టె, చీజు, ఉడికించిన గుడ్లు, కత్తి, ఫ్లాస్కు, రెండు కప్పులు, అతని మాత్రల డబ్బా. రోజూ సాయంత్రానికి తగ్గేమాట నిజమే. పొద్దున్నే మళ్లీ నిండేమాట కూడా నిజమే, కాకపోతే నింపేది నేను, మోసేది నేను కాబట్టి ఆ రెండో సంగతి అతని దాకా పోలేదు.

నింపడమంటే హాస్టల్లో పొద్దున ఫలహారాలు పెట్టిన బల్ల దగ్గర నింపడం. బయటికి తీసుకెళ్లకూడదని అక్కడ బోర్డు ఉంటుంది. డీట్మార్ పేపరు విప్పి అడ్డంగా కూర్చుంటాడు, నేను ఒళ్లో రుమాలు పరుచుకుని రొట్టెముక్కల మధ్య చీజు పెట్టి చుడతాను. ఇన్స్‌బ్రుక్‌లో పట్టుబడ్డాను. అక్కడ పనిచేసే అమ్మాయికి మా కూతురు స్వెన్యా వయసులో సగం ఉంటుందేమో. నా సంచి వైపు చూపించి, అందరికీ వినపడేలా, "ఎంత కావాలంటే అంత తినండమ్మా, మూట కట్టుకోకండి. మీ పిల్లలకి మీరు ఇదే చెప్పి పెంచి ఉంటారు కదా" అంది. నేను మా ఆయన వంక చూశాను. డీట్మార్ పేపరు మడిచి, ఆ పిల్లతో నవ్వుతూ, "నేనూ చెప్తూనే ఉన్నానండీ. వింటేగా" అన్నాడు. రైలెక్కాక, ఆ రొట్టెముక్కే నములుతూ, "ఇంకాస్త కిందకి పెట్టుకుని చుట్టాల్సింది నువ్వు" అన్నాడు. నేనూ తిన్నాను. అలాంటప్పుడు ముద్ద గొంతు దిగదంటారు. నాకు బాగానే దిగింది, ఆకలి మీదున్నాను. ఆ దిగడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అసలు ఈ ప్రయాణం నాది. ఈ మాట పైకంటే నవ్వుతారని లోపలే అనుకుంటూ ఉంటాను. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఉల్మ్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని. గోడకి రైళ్ల బొమ్మల క్యాలెండరు ఉండేది. మార్చి నెల పేజీలో కొండ అంచున చిన్న స్టేషను, ఒక గడియారం, ఒక చెక్క బెంచీ, బెంచీ కాళ్ల దగ్గరే మొదలైనట్టు పెద్ద లోయ. మనుషులెవరూ లేరు. అడుగున చిన్న అక్షరాల్లో ఔసర్‌బెర్గ్ అని ఉంది. ఏప్రిల్ వచ్చినా ఆ పేజీ తిప్పనివ్వలేదు నేను. వెళ్లి ఆ బెంచీ మీద కూర్చోవాలనుకున్నాను. కూర్చుని ఏం చేయాలో అనుకోలేదు, ఆ వయసులో అంతదూరం ఎవరాలోచిస్తారు. నేనూ నా స్నేహితురాలు రెనాటా కలిసి గళ్ల నోటుబుక్కు కొన్నాం. నెల రోజులు వీపు సంచులతో, రైళ్లలో, కొండలూ సరస్సులూ ఉన్నవైపంతా తిరగాలని ఊరూరికీ రైళ్ల వేళలు రాసిపెట్టాను. ఔసర్‌బెర్గ్ పేరు చుట్టూ రెండు సున్నాలు చుట్టాను.

సరిగ్గా అప్పుడే డీట్మార్ పరిచయమయ్యాడు. అతను వద్దనలేదు. ఏనాడూ దేన్నీ వద్దన్న మనిషి కాదు. "ఒక్క ఏడాది ఆగు మార్లీస్, నా పరీక్షలు అయిపోనీ. ఇద్దరం కలిసి వెళ్తే ఇంకా బాగుంటుంది కదా" అన్నాడు. అంత ప్రేమగా అడిగితే ఎవరు ఆగరు. రెనాటా ఒక్కతే వెళ్లి తొమ్మిది కార్డులు పంపింది. ఆ ఏడాది గడిచేసరికి అతనికి బడిలో లెక్కల మాస్టారి ఉద్యోగం వచ్చింది, ఆపైన పెళ్లి, స్వెన్యా, ఆ వెనకే పై వాటాలో ఉండే అత్తగారు తుంటి విరిగి మా వాటాలోకి దిగిరావడం. పదకొండేళ్లు ఆవిణ్ని కూర్చోబెట్టాను, పడుకోబెట్టాను, కడిగాను. కళ్లద్దాల దుకాణం మానేశాను. "నీది సగం పూట ఉద్యోగం. నాది పూర్తి ఉద్యోగం. ఎవరు మానాలో నువ్వే చెప్పు" అన్నాడు డీట్మార్. నేనే చెప్పాను. ఒక వేసవిలో గుండె చిక్కబట్టుకుని, నాలుగు రోజులు రెనాటాతో ఎటైనా వెళ్లొస్తానని అడిగాను. మా భవనంలో మెట్లు వారానికొక ఇంటివాళ్లు ఊడవాలి. ఆ వారం వంతు మాది, ఆ వంతు చెప్పే పలక మా తలుపు పిడికే వేలాడుతోంది. అత్తగారు మంచంలోంచి, "తలుపుకి పలక వేలాడుతుండగా ఊరేగే ఆడదాన్ని ఈ వీధిలో ఇంతవరకు చూళ్లేదమ్మా. నీతో మొదలవుతుంది కాబోలు" అంది. నేను మూడు అంతస్తుల మెట్లూ ఊడ్చి, తుడిచి, ఆదివారం పలక తీసుకెళ్లి పక్కవాళ్ల తలుపుకి తగిలించాను. అప్పటికి రెనాటా వెళ్లిపోయింది.

రిటైరయ్యాక అటక సర్దుతూ డీట్మార్ ఆ నోటుబుక్కు పట్టుకొచ్చాడు. "ఎంత ముద్దుగా రాశావో చూడు" అని మురిసిపోయాడు. రెండు రోజులు దాన్ని వదల్లేదు. మూడో రోజు నా చేతికిచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లల పుస్తకాలు దిద్దిన ఎర్ర పెన్సిల్‌తో నా పుస్తకమూ దిద్దాడు. ఇప్పుడు లేని రైళ్లు కొట్టేశాడు, చుట్టుదారి అనిపించిన ఊళ్లు కొట్టేశాడు. ఔసర్‌బెర్గ్ మీద, నా సున్నాలు రెంటికీ అడ్డంగా గీత గీసి, పక్కన "ఏమీ లేదు, వృథా" అని రాశాడు. చివరి పేజీ అడుగున "ఊహ బాగుంది, ప్రణాళిక బలహీనం" అని సంతకం కూడా చేశాడు. అలవాటులో పొరపాటు అనుకోవాలి. ఆ తర్వాత కంప్యూటర్లో పట్టిక కట్టాడు. ఇద్దరి టికెట్లూ అతని ఫోన్లో, ఇద్దరి గుర్తింపు కార్డులూ అతని నడుం సంచిలో. స్వెన్యా ఫోన్ చేసి, "నాన్న నిన్ను యూరప్ అంతా తిప్పుతుంటే ఇంకేం కావాలమ్మా నీకు. మా ఆయన నన్ను ఊరి చివర చెరువుదాకా తీసుకెళ్తే గొప్ప" అంది. పిల్లననడానికి లేదు. దాని చిన్నప్పటినుంచి నేను ఏదీ అడగడం అది చూడలేదు.

రైల్లో ఎదురు కూర్చున్న ప్రతివాళ్లకీ డీట్మార్ ఈ ప్రయాణం కథ చెబుతాడు. కుర్రతనంలోనే దారి గీసుకున్నాననీ, సంసారంలో పడి కుదరక ఇన్నేళ్లకు నెరవేర్చుకుంటున్నాననీ అంటాడు. గళ్ల నోటుబుక్కు తీసి చూపిస్తాడు కూడా. ట్రియెస్తెలో ఒకావిడ ఆ పేజీల్లో గుండ్రటి ఆడపిల్ల అక్షరాలు చూసి నా వంక చూసింది. నేను గుడ్డు ఒలుస్తున్నాను. అబద్ధమాడుతున్నాడని అనను. ఒకే మాట నలభై ఏళ్లు పక్కన పెట్టుకుని పడుకుంటే అది ఎవరిదో మర్చిపోతారు.

అతను ఎప్పుడూ రైలు పోయేవైపు చూస్తూ కూర్చుంటాడు. వెనక్కి తిరిగి కూర్చుంటే అతనికి తల తిరుగుతుంది. నేను ఎదురుగా కూర్చుంటాను. "అదిగో, అదిగో చూడు" అని అతనన్న నాలుగు క్షణాలకి ఆ జలపాతమో ఆ కోటో నా కిటికీలోకి వస్తుంది, వచ్చినట్టే దూరమవుతుంది. దారి ఆగిపోయే స్టేషన్లు కొన్ని ఉంటాయి, వెనీస్ లాంటివి. అక్కడ రైలు వచ్చిన దిక్కుకే మళ్లీ బయలుదేరుతుంది. అప్పుడు నా సీటు ముందుకి చూసే సీటవుతుంది. రైలు కదలకముందే డీట్మార్ లేచి నిలబడతాడు. "లే, మారదాం" అంటాడు. మారతాం. మారనంటే ఏమవుతుందో నేను ఎప్పుడూ చూడలేదు.

బెంచీ సంగతి ఒక్కసారి అడిగాను, ఆనెసీలో. అక్కడినుంచి బెర్న్ దాకా వచ్చాక ఔసర్‌బెర్గ్ పెద్ద దూరం కాదని నాకు తెలుసు.

"నాకు ఆ బెంచీ దగ్గరికి వెళ్లాలనుంది" అన్నాను.

"అక్కడేముంది?"

"బెంచీ ఉంది."

"బెంచీ కోసం ఎవరన్నా కొండెక్కుతారా మార్లీస్? మనింటి ముందే రెండున్నాయి, వాటి మీద ఒక్కనాడన్నా కూర్చున్నావా నువ్వు?"

నిజమే, కూర్చోలేదు. ఎప్పుడు కూర్చుంటాను? డీట్మార్‌కి తన మాట తనకే నచ్చింది. అప్పటినుంచి ఏ స్టేషన్లో రైలాగినా, "అదిగో మార్లీస్, నీ బెంచీ. దిగుతావా?" అంటాడు. పక్కవాళ్లు నవ్వుతారు. "మా ఆవిడకి బెంచీలంటే పిచ్చండీ" అని వాళ్లకి అర్థం చెబుతాడు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే సరదా తెలీని మనిషినవుతాను.

ఆవేళ బెర్న్ స్టేషన్లో ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి ముందు బోగీల నిండా బడిపిల్లలు. డీట్మార్ పట్టికలో సరస్సు వైపు కిటికీ అని రాసి ఉంది. "నువ్వు వెనక బోగీల్లోకి పరిగెత్తు, ఎడంవైపు రెండు సీట్లు పట్టు. ఇంద, నా కోటు తీసుకెళ్లి వెయ్యి. ఇంజను ఫొటో తీసుకుని వచ్చేస్తా" అన్నాడు. కోటు వేసి సీటు ఆపడం మా దేశం వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. తెల్లారకముందే ఈత కొలను దగ్గర కుర్చీల మీద తువ్వాళ్లు పరిచే జాతి అని లోకమంతా మమ్మల్ని చూసి నవ్వుతుంది. నవ్వనీ. సీటు మీద కోటు ఉందంటే మనిషి తిరిగొస్తాడని లెక్క. అది తీసి పక్కన పెట్టడం మా ఊళ్లో ఒకరి ఇంట్లోకి తలుపు తోసుకుని పోవడంతో సమానం. నేను వీపు సంచీ తిండి సంచీ మోసుకుంటూ వెనక బోగీకి పరిగెత్తి, ముందుకి చూసే సీటు మీద అతని కోటు పరిచి, ఎదురుగా నేను కూర్చున్నాను.

రైలు కదిలింది. డీట్మార్ రాలేదు. ఫోన్ చేశాడు. "ముందు బోగీలో ఎక్కేశా. మధ్యలో దారి లేదు. టూన్‌లో దిగి వచ్చేస్తా, సీటు జాగ్రత్త" అన్నాడు. టూన్‌లో రాలేదు, సందేశం వచ్చింది. ఇక్కడే ఒక పెద్దాయన జరిగి కిటికీ సీటు ఇచ్చాడు, రైళ్ల గురించి చాలా తెలిసినవాడు, ష్పీట్స్‌లో నువ్వే ముందుకి వచ్చెయ్, తిండి సంచి మర్చిపోకు అని. సరస్సు ఎడంవైపు మొదలైంది. ఎదుటి సీట్లో కోటు సరస్సు చూస్తోంది, నేను వెనక్కి పోతున్న నీళ్లు చూస్తున్నాను.

ష్పీట్స్ దగ్గరవుతుండగా చెప్పారు, రైలు ఇక్కడ రెండుగా విడిపోతుందని. ముందు బోగీలు మేం వెళ్లాల్సిన పడమటి లోయ వైపు, వెనక బోగీలు కొండమీది పాత దారిన బ్రిగ్ వైపు. తలుపు మీది తెర మీద వెనక బోగీలు ఆగే ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. వాటి మధ్యలో ఔసర్‌బెర్గ్ అని వచ్చింది. మళ్లీ చుట్టి వచ్చేదాకా నిలబడి చూశాను. నేను ఎక్కడికీ మారక్కర్లేదు, ఏమీ అడగక్కర్లేదు. కూర్చున్నచోట కూర్చుంటే చాలు.

దిగకూడదని నేను నిర్ణయించుకోలేదు. ఇది ధైర్యం కథ అని ఎవరూ అనుకోవద్దు. రైలాగగానే తిండి సంచి భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వెళ్లాను, అలవాటుగా. తలుపు తెరుచుకుంది. ప్లాట్‌ఫాం పొడుగునా ముందు బోగీల దాకా ఎండ. డీట్మార్ తలుపులో నిలబడి ఆ పెద్దాయనకి కెమెరాలో ఏదో చూపిస్తున్నాడు. ఇటు చూడలేదు. నేను వస్తానని తెలుసు కాబట్టి చూడాల్సిన పని లేదు. ఒక మెట్టు దిగితే చాలు. కాలు లేవలేదు. అలసటేమో, ఏమో. ఇరవై ఒక్క రోజులదో, నలభై మూడేళ్లదో, ఆ సంచి అప్పుడే మొదటిసారి బరువుగా తోచింది. తలుపు దానంతటదే మూసుకుంది. ముందు బోగీలు మెల్లగా విడిపోయి, వంపు తిరిగి, చెట్ల వెనక్కి వెళ్లిపోయాయి. ఇంత తేలికా అనుకున్నాను. కాసేపటికి మా సగమూ కదిలింది.

వెళ్లి నా సీట్లో కూర్చున్నాను. ఒక పెద్దావిడ చేతికర్రతో, బుట్టతో బోగీ పొడుగునా చూసుకుంటూ వచ్చి కోటు దగ్గర ఆగింది.

"ఇక్కడెవరన్నా ఉన్నారామ్మా?"

"ఉన్నారండీ. వస్తారు" అన్నాను.

"అలాగా, అలాగా" అని ఆవిడ తప్పు చేసినట్టుగా ముందుకి వెళ్లిపోయింది. కర్ర చప్పుడు దూరమయ్యాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. డీట్మార్ ఇంకో లోయలో, ఇంకో రైల్లో ఉన్నాడు, నేనిక్కడ అతని సీటు కాపలా కాస్తున్నాను. ఆవిడ తలుపు దగ్గర మడతసీటు మీద ఒదిగి కూర్చుని, బుట్ట ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ దిగేదాకా నేను ఆ వైపు చూడలేదు.

పెద్ద సొరంగం వచ్చింది. కిటికీ అద్దంలో నా ముఖమూ, ఎదుటి సీట్లో కోటూ కనపడ్డాయి. కోటు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. లేచి ఆ సీట్లోకి మారాను. ముందుకి చూస్తూ రైల్లో కూర్చోవడం ఎన్నేళ్లకో. సొరంగం అయిపోయి ఒక్కసారిగా వెలుతురు, కొండలు, కింద నది, వంతెన, అన్నీ నా మీదికి వచ్చిపడ్డాయి. ఎవరూ అదిగో అనకముందే వచ్చాయి. సంతోషించాలి కదా. నాకు తల తిరిగింది. తల పట్టుకుని కళ్లు మూసుకున్నాను, తగ్గలేదు. లేచి మళ్లీ పాత సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాను. అప్పుడు నెమ్మదించింది. అంతా వెళ్లిపోతూ కనపడితేనే నా ఒంటికి పడుతోంది.

ఔసర్‌బెర్గ్‌లో నేనొక్కదాన్నే దిగాను. బెంచీ ఉంది. క్యాలెండరులోది అదే అయ్యుండదు, ఏ చెక్క బెంచీ అయినా నలభై ఆరేళ్లు వానకీ మంచుకీ ఆగుతుందా. గడియారం ఉంది. లోయ ఉంది, దానికి చావు లేదు కదా. కోటూ సంచులూ ఒకవైపు పెట్టి, మిగిలిన చోట కూర్చున్నాను. కూర్చుని ఎదురుచూశాను. ఏదో ఒకటి కలగాలి కదా నాకు. ఏడుపైనా రావాలి. చాలాసేపు చూశాను. కింద ద్రాక్షతోటలు, వాటి కింద నది, నది పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. ఏమీ కలగలేదు. ఆ పందొమ్మిదేళ్ల పిల్ల ఇక్కడ కూర్చుని ఏం చూడాలనుకుందో జ్ఞాపకం తెచ్చుకోవాలని చూశాను. దాని ముఖమే సరిగ్గా గుర్తురాలేదు. ఏమీ లేదు, వృథా అని డీట్మార్ రాసింది బెంచీ గురించి. ఇప్పుడు ఆ మాట ఎవరికి సరిపోతుందో చూస్తే భయం వేసింది.

స్టేషను పక్కనే చిన్న కాఫీ హోటలు ఉంది. బయట బల్లలు తుడుస్తున్న ఆవిడ, నా ఈడుదే, చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"అక్కడే కూర్చోండి, ఇక్కడికే తెచ్చిస్తా. ఏం తెమ్మంటారు?"

"కాఫీ. పాలొద్దు, చక్కెర వద్దు" అన్నాను.

తెచ్చింది. ఒక గుక్క తాగాను. చేదు. డీట్మార్ తాగే కాఫీ అది. రోజూ ఫ్లాస్కు నిండా పోసుకొచ్చేది అదే. మరి నేను ఎలా తాగుతాను? పాలతోనా? నురగతోనా? చక్కెర ఎన్ని చెంచాలు? కళ్లద్దాల దుకాణంలో ఉన్నప్పుడు ఎలాగో తాగేదాన్ని, తప్పకుండా నాకంటూ ఒక రకం ఉండే ఉంటుంది. కప్పు చేత్తో పట్టుకుని ఎంత వెతికినా దొరకలేదు. ఇన్నేళ్లూ అతను తాగగా ఫ్లాస్కులో మిగిలింది తాగాను. ఆవిడ వెళ్లకుండా నిలబడి, "బాలేదామ్మా? మార్చి ఇవ్వనా?" అంది. ఏమిచ్చి మార్చమనాలి. బాగానే ఉందన్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?" డీట్మార్ గొంతులో కోపం లేదు, తప్పు లెక్క వేసిన పిల్లాణ్ని అడిగే గొంతు.

"ఔసర్‌బెర్గ్‌లో."

"ఆ బెంచీ దగ్గరా?"

"ఊఁ."

"రైలు విడిపోతుందని మూడు భాషల్లో చెప్పారు కదా మార్లీస్. మూడింట్లో ఒక్కటన్నా వినపడలేదా? నా కోటు, మాత్రలు, తిండి, అంతా నీ దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ పెద్దాయన ఒకటే నవ్వు, మీ ఆవిడ వెనక బోగీతో లేచిపోయిందని." తనూ నవ్వాడు. "సరేలే, కంగారు పడకు. నేను చూసుకున్నా. వెనక్కి ష్పీట్స్ వచ్చి ఆ దారి పట్టుకుంటా, రెండు నలభైకి అక్కడ దిగుతా. నువ్వు మాత్రం కదలకు, ఆ బెంచీ మీదే కూర్చో. ఒకందుకు మంచిదే అయింది, ఆ కొండదారి నేను ఎప్పటినుంచో చూడాలనుకుంటున్నా."

"నువ్వు కొట్టేశావు కదా."

"ఏంటి?"

"ఎర్ర పెన్సిల్‌తో."

"అబ్బా, మార్లీస్. బ్యాటరీ అయిపోతోంది, ఉంటా. గుడ్లు మిగిలాయా?"

"రెండున్నాయి."

"హమ్మయ్య" అని పెట్టేశాడు.

ఇక జరిగేది నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు. రెండు నలభైకి దిగుతాడు, నన్ను తిట్టడు. బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి ఫొటో తీస్తాడు. తనూ కూర్చుని, దారిన పోయేవాళ్ల చేత ఇంకోటి తీయిస్తాడు. వచ్చే రైల్లో ఎదుటివాళ్లకి చెబుతాడు, మా ఆవిడ తప్పిపోతే వెతుక్కుంటూ వెళ్లి ఎంత అందమైన చోటు కనిపెట్టానో అని. క్రిస్మస్‌కి స్వెన్యా వచ్చేసరికి అది నాన్న కనిపెట్టిన బెంచీ అయిపోతుంది. నేను గుడ్డు ఒలుస్తూ ఉంటాను. అక్కడ నాకేమీ కలగకపోవచ్చు. ఆ ఏమీ లేకపోవడమన్నా నాకు ఒక్కదానికే ఉండాలనిపించింది.

ఒకటీ నలభైకి బ్రిగ్ వైపు రైలు ఒకటి ఉంది, గడియారం కింద రాసి ఉంది. గంట టైముంది. కప్పు తీసుకెళ్లి ఆవిడకిచ్చి, సబ్బడిగి, అక్కడి కొళాయి కింద ఫ్లాస్కు కడిగాను. బెంచీ దగ్గరికొచ్చి డీట్మార్ కోటు దులిపి, చేతులు లోపలికి మడిచి, నేను కూర్చున్న చోట పరిచాను. కోటు మీద మాత్రల డబ్బా పెట్టి, మధ్యాహ్నం మాత్ర ఉన్న అర మూత పైకి తీసిపెట్టాను, లేకపోతే సాయంత్రందే వేసుకుంటాడు. రొట్టె, చీజు, కత్తి పక్కన పెట్టాను. గుడ్లు రెండూ ఒలిచి రుమాల్లో చుట్టాను. ఒలుస్తున్నప్పుడు నా చేతుల్ని చూస్తే నాకే ఏవగింపు కలిగింది, అయినా ఒలిచాను. పొద్దున బెర్న్‌లో ఉతికిన సాక్సులు నా వీపు సంచికి పిన్నులతో తగిలించి ఉన్నాయి, ఎండకి ఆరాయి. అవీ తీసి జత చేసి కోటు జేబులో పెట్టాను.

కాఫీ హోటలావిడ గుమ్మంలోంచి చూస్తోంది. "సామాను వదిలి వెళ్తున్నారా? మళ్లీ వస్తారా?" అంది.

"మా ఆయన వస్తారండీ, ఆయనవే" అన్నాను.

రైలు సరిగ్గా వేళకే వచ్చింది. నా టికెట్ డీట్మార్ ఫోన్లో ఉంది, నా పేరున్న కార్డు అతని నడుం సంచిలో ఉంది. బ్రిగ్‌లో దిగి ఎటు పోతానో తెలీదు. అక్కడెవరైనా ఏం తాగుతారని అడిగితే ఏం చెప్పాలో తెలీదు. ఎక్కి, వెనక్కి తిరిగి ఉన్న సీట్లో కూర్చున్నాను. బెంచీ మీద కోటు చిన్నదవుతూ చాలాసేపు కనపడింది.

రెండు నలభైకి అతను దిగుతాడు. బెంచీ మీద కోటు చూసి కుదుటపడి, ఏ కప్పు కడగడానికో వెళ్లి ఉంటానని పక్కన కూర్చుని గుడ్డు తింటాడు. నాకోసం ఎదురుచూస్తాడు, ఎంతసేపైనా చూస్తాడు. కోటు ఉందంటే మనిషి తిరిగొస్తుందని మా వాళ్లకి గట్టి నమ్మకం.